బోరు గట్టు మీది బిళ్ళగన్నేరు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ముందు భయమేసింది. ఇట్లాంటి సంచికల్లో పూర్వ విద్యార్థులు తాము ఎంత కష్టపడి చదివారో, ఏ ఉద్యోగం సంపాదించారో రాస్తారు. నాకింకా ఉద్యోగం రాలేదు. ఎం.ఎస్సీ. బాటనీ పూర్తి చేసి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు. అందుకని మీరంతా రోజూ చూసే ఒక మొక్క గురించి రాస్తున్నాను. పళ్లేలు కడుక్కునే కాడ, బోరు గట్టు పొంటి వంగపువ్వు రంగులో పూసే బిళ్ళగన్నేరు. దాన్ని అక్కడ పెంచినవాళ్లలో నేనొకణ్ణి. ఆ మొక్క వల్లే మా ఇంట్లో ఒక పెద్ద గొడవ కూడా జరిగింది. రెండూ చెప్తాను.

నేను 2013 జూన్‌లో ఆరో తరగతిలో చేరాను. ఒక రేకుపెట్టె, దుప్పటి, పళ్లెం, గ్లాసు తప్ప నా వెంట ఏమీ లేవు. మొదటి నెల రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకొని ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఎనిమిదో తరగతికి వచ్చాక, 2015 జూలైలో హరితహారం మొదలైంది. మన ఆవరణలో కూడా గుంతలు తీసి మొక్కలు పెట్టాం. ఒక్కో మొక్కకు ఇద్దరు పిల్లల్ని కేటాయించారు. నా వంతుకు గులాబీ వచ్చింది. కానుగ, వేప వచ్చిన దోస్తుల ముందు నేను చాలా గొప్పలు పోయాను. కానీ ఆ యేడు వానలు లేవు. మంజీర మీది సింగూరు ప్రాజెక్టే ఎండిపోయిన కరువు అది. బోరులో నీళ్లు సన్నగా వచ్చేవి. ముఖం కడుక్కున్న నీళ్లు డబ్బాలో పట్టి గులాబీకి పోసేవాణ్ణి. ఏప్రిల్‌లో సెలవులిచ్చారు. ఎవరి ఊళ్లకు వాళ్లం పోయాం. జూన్‌లో తిరిగొచ్చి పెట్టె కూడా దించకుండా గులాబీ దగ్గరికి పోతే కట్టెపుల్ల మిగిలింది. మిగతావాటిలో కొన్ని ఎండిపోయాయి, కొన్ని మేకలు తిన్నాయి.

అప్పుడు చూశాను దాన్ని. బోరు గట్టు సిమెంటు పగిలిన చోట ఒక చిన్న మొక్క. నా మోకాలంత ఎత్తు కూడా లేదు. ఐదు రెక్కల పువ్వులు, నడుమ ముదురు రంగు చుక్క. నలభై యాభై రోజులు హాస్టల్‌లో మనిషి లేడు, నీళ్లు పోసిన చేయి లేదు. అది మాత్రం నిండుగా పూసి ఉంది.

"తాతా, దీన్ని ఎవరు నాటిన్రు?" అని వాచ్‌మన్ తాతను అడిగాను.

"ఎవ్వరు నాటలే బిడ్డా. అదే వచ్చింది, అదే ఉంటది. మేక గూడ మూతివెట్టి తుమ్ముకుంట పోతది" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది. గులాబీ మీది మోజు పోయింది. ఈసారి దీన్నే పెంచాలనుకున్నాను.

తానే మొలిచే మొక్కను పెంచడం అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. పువ్వు రాలిపోయిన చోట రెండేసి సన్నని కాయలు జంటగా వస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు తెంపితే విత్తనం ముదరదు. బాగా ఎండేదాకా ఆగితే కాయ చీలి విత్తనాలు చెల్లాచెదురవుతాయి. కాయ పసుపు రంగుకు తిరిగినప్పుడు తెంపి కాగితంలో చుట్టి ఎండబెట్టాలి. లోపల ఆవగింజ కంటే చిన్న నల్లని విత్తనాలుంటాయి. ఇది తెలుసుకోవడానికే నాకు ఒక నెల పట్టింది. ఆ విత్తనాలు మట్టి మీద చల్లి రోజూ చూశాను. మొలవలేదు. "మీద సన్న మన్ను కప్పు బిడ్డా, గింజకు చీకటి గావాలె" అన్నాడు తాత. కప్పితే పది పన్నెండు రోజులకు మొలిచాయి. ఈ విత్తనం వెలుతురులో సరిగ్గా మొలవదని చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చదివినప్పుడు తాత గుర్తుకొచ్చాడు.

మొలిచినవాటిని నేనే చంపాను. గులాబీ నీళ్లు లేక చచ్చిపోయిందన్న బాధ నాలో ఉండింది కదా, పొద్దున ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా పోశాను. ఆకులు పచ్చబడ్డాయి. దప్పికేమో అని ఇంకో డబ్బా పోశాను. మట్టి దగ్గర కాడ నల్లబడి మెత్తగా వంగిపోయింది. ఆ తర్వాత 2016 సెప్టెంబరు చివర్లో వానలు ఒకేసారి విరుచుకుపడ్డాయి. ఎండిన సింగూరు నిండి గేట్లెత్తారు. ఊరంతా సంతోషం. పల్లపు మడిలో నేను మళ్లీ పెట్టిన బిళ్ళగన్నేర్లు మాత్రం వేరు కుళ్లి ఒక్కటీ మిగల్లేదు. సిమెంటు పగులులో ఉన్న తల్లిమొక్కకు ఏమీ కాలేదు, ఎందుకంటే అక్కడ నీళ్లు నిలవవు. కరువులో బతికిన మొక్క నీళ్లు ఎక్కువై చచ్చిపోవడం నేను అప్పుడే చూశాను.

ఆ దసరా నాడే, అక్టోబరు 11న, పాత మెదక్ జిల్లా మూడు జిల్లాలైంది. సంగారెడ్డి, సిద్దిపేట వేరుపడ్డాయి. మన అల్లాదుర్గ్ మెదక్‌లోనే ఉండిపోయింది. సెలవుల తర్వాత మేం నలుగురం కలిసి పగిలిన ఇటుకలు, మొరం తెచ్చి బోరు గట్టు పొంటి జానెడు ఎత్తున మడి కట్టాం. తల్లిమొక్క విత్తనాలే అందులో వేశాం. నాలుగు వేళ్ల ఎత్తు కాగానే చివర్లు గిల్లాం. గిల్లిన చోట రెండు కొమ్మలొచ్చి మొక్క గుబురైంది. మీరు చూస్తున్న మడి అదే.

బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి వేడి దేశాలన్నిటికీ పాకింది. శాస్త్రీయ నామం కాథరాంథస్ రోసియస్. గన్నేరు, జిల్లేడు, సర్పగంధి దీని చుట్టాలే. చలి దేశాల్లో మంచు పడితే చచ్చిపోతుంది కాబట్టి అక్కడ ఒక్క యేడు మొక్కగా పెంచుకుంటారు. మన దగ్గర చలికాలంలో ఆకు కొంచెం పాలిపోయినా మళ్లీ ఎండ తగలగానే తేరుకుంటుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. ఏడాది పొడుగునా పూస్తుంది కనుకనే నిత్యపుష్పి అనే పేరు కూడా వచ్చింది.

2018 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి ఇంటికి పోయేటప్పుడు పాల ప్యాకెట్లలో రెండు మొక్కలు పెట్టుకొని బస్సెక్కాను. మా ఊరు అల్లాదుర్గ్‌కు దగ్గరే. మా అవ్వ చూసి "గిదేందిరా, బొందలగడ్డ పువ్వు ఇంట్ల వెడ్తవా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మా వాళ్లను పెట్టే చోట, మా నాయినమ్మ సమాధి పక్కన కూడా అదే పూసింది. ఎవరూ నీళ్లు పోయని చోట బతికేది అదొక్కటే కదా. తమిళంలో దీన్ని సుడుకాట్టు మల్లి, అంటే శ్మశానం మల్లె అని కూడా అంటారట. "హాస్టల్ల నేను పెంచిన చెట్టు అవ్వా" అంటే మరి మాట్లాడలేదు. వాకిట్లో ఒక మూలకు పెట్టనిచ్చింది. మరుసటి బతుకమ్మకు తంగేడు, గునుగు నడుమ సందుల్లో ఆ పువ్వులే పెట్టింది. పక్కింటివాళ్లు విత్తనాలు అడిగి తీసుకుపోయారు. రెండేళ్లలో మా వాడలో వాకిటికొకటి అయింది. నాకు చాలా గర్వంగా ఉండేది.

ఇక గొడవ సంగతి. మా నాయిన పత్తి సీజన్‌లో మూటలు మోస్తాడు, మిగతా రోజులు మేస్త్రీ కింద కూలి చేస్తాడు. 2021లో ఆయనకు షుగర్ ఉందని తేలింది. గోలీలు రాశారు. నేను డిగ్రీ చదువుతూ వచ్చిపోతూ ఉండేవాణ్ణి. "గోలీలు ఏసుకుంటున్నవా నాయినా?" అంటే "ఆఁ" అనేవాడు. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను.

పీజీలో చేరి హైదరాబాద్ పోయాక, 2024 సంక్రాంతికి ఇంటికొచ్చాను. వాకిట్లో బిళ్ళగన్నేరు నడుము దాకా బోసిపోయి ఉంది. కొమ్మలున్నాయి, పైన పువ్వులున్నాయి, కింద ఆకులు లేవు. పురుగు కొట్టిందేమోనని చూశాను. పురుగు లేదు. మేక తినదు, బర్రె తినదు. మరెవరు తిన్నారు? అవ్వ నాయిన దిక్కు చూసింది. నాయిన కుడికాలికి గుడ్డ కట్టి ఉంది.

షుగరుకు మంచిదని ఎవరో చెప్పారట. పొద్దున పరగడుపున ఏడెనిమిది ఆకులు నమిలి నీళ్లు తాగుతున్నాడట. గోలీలు మానేసి ఏడాది దాటింది. కాలి చిటికెన వేలికి రాయి తాకి పుండైతే మానడం లేదు. ఈ మొక్కలో ఉండే ఆల్కలాయిడ్ల గురించి క్లాసులో అంతకు నెల ముందే చదివి ఉన్నాను. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. నాయిన మీద అరిచాను. మా ఇంట్లో నాయిన మీద గొంతెత్తడం అదే మొదటిసారి. రెండు చెట్లనూ వేళ్లతో సహా పీకి గోడ అవతల పారేశాను.

నాయిన ఏమీ అనలేదు. చాలాసేపటికి మెల్లగా అన్నాడు. "నువ్వే గద బిడ్డా తెచ్చినవు. సదువుకున్నోనివి, తెచ్చి పెట్టినవంటె మంచిదే అనుకున్న."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. "గోలీలు ఉత్తగనే ఇస్తరు కదా, ఎందుకు మానినవు?" అన్నాను.

"గోలీలు ఉత్తగనే ఇస్తరు. తెచ్చుకునే నాటి కూలి ఎవరిస్తరు? లైన్ల నిలవడితె ఆ దినం పోతది. ఆకు వాకిట్లనె ఉండె."

నాయినకు తెలియక ఆకు తిన్నాడని అప్పటిదాకా అనుకున్నాను. ఆయన లెక్క ఆయనకుంది. ఆ లెక్కలో నా హాస్టల్ ఫోటోలు, బస్సు చార్జీలు, పుస్తకాలు కూడా ఉన్నాయి. నెలనెలా ఆయన మిగిల్చిన ఒక రోజు కూలి నాకే వచ్చిందని అర్థమై తలెత్తి చూడలేకపోయాను.

పండుగ మర్నాడే ఆసుపత్రికి తీసుకుపోయాం. చిటికెన వేలు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదం పోయేదన్నారు. రాత్రిళ్లు ఆయన మంచం పక్కన కింద పడుకొని నా నోట్సు మళ్లీ చదివాను. క్లాసులో మార్కుల కోసం చదివిన కథ అప్పుడు వేరేగా కనిపించింది. ఒక రాత్రి నాయిన నిద్రపట్టక "ఏం సదువుతున్నవ్?" అంటే మన మాటల్లో చెప్పాను.

నాయిన నమిలిన ఆకునే 1952లో జమైకా నుంచి ఎవరో ఒక కవర్లో పెట్టి కెనడాకు పంపారు. అక్కడ షుగరున్నవాళ్లు ఈ ఆకు కాచి తాగేవాళ్లు. ఆ కవరు అందుకున్నాయన డాక్టర్ క్లార్క్ నోబుల్. 1921లో ఇన్సులిన్ కనిపెట్టే పనిలో బాంటింగ్‌కు సాయంగా ముందు ఎవరు చేరాలని ఈయనా, చార్లెస్ బెస్ట్ నాణెం ఎగరేసుకున్నారు. బెస్ట్ గెలిచాడు, పేరు కూడా ఆయనకే వచ్చింది. క్లార్క్ నోబుల్ ఆ ఆకుల్ని పరిశోధకుడైన తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చాడు. రాబర్ట్ ఎలుకల మీద పరీక్షించాడు.

"మరి ఎలుకలకు షుగర్ తగ్గిందా?" అన్నాడు నాయిన, లేచి కూర్చొని.

"తగ్గలే నాయినా. నోటితోని ఇస్తె ఏం ఫరక్ రాలే. సూదితోని ఇస్తె కొన్ని దినాలకు చచ్చిపోయినయ్."

నాయిన చాలాసేపు తన కాలు దిక్కే చూశాడు.

ఆ ఎలుకలు చీముపట్టి చచ్చిపోయాయి. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. రోగాన్ని అడ్డుకునేవి ఆ కణాలే. ఇంకొకరైతే మందు పనికిరాలేదని వదిలేసేవాళ్లు. రాబర్ట్ నోబుల్ మాత్రం తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌కు ఇది పనికొస్తుంది కదా అని ఆలోచించాడు. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆ పదార్థాన్ని వేరుచేసి 1958లో లోకానికి చెప్పాడు. అదే విన్‌బ్లాస్టిన్. అదే కాలంలో అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీ వాళ్లు కూడా ఈ మొక్క మీదే పనిచేస్తూ విన్‌క్రిస్టిన్‌ను బయటికి తీశారు. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు ఇస్తున్న ముఖ్యమైన మందుల్లో అదొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది.

తమ్ముళ్లారా, పదో తరగతి జీవశాస్త్రం చదివేవాళ్లకు ఇది కష్టం కాదు. ఒక కణం రెండు కావాలంటే లోపల సన్నని దారాల వంటివి ఏర్పడి క్రోమోజోముల్ని చెరోవైపు లాగాలి. ఈ మందు ఆ దారాలను ఏర్పడనివ్వదు. కణం చీలలేక చనిపోతుంది. త్వరత్వరగా చీలే క్యాన్సర్ కణాల మీద దెబ్బ ఎక్కువ పడుతుంది. మంచి కణాల మీద కూడా పడుతుంది. అందుకే డాక్టర్లు మనిషి ఒంటికి తగ్గట్టు మిల్లీగ్రాముల్లో కొలిచి, రక్త పరీక్షలు చేసుకుంటూ, నరం ద్వారా ఎక్కిస్తారు. వందల కిలోల ఎండుటాకు నుంచి ఒక గ్రాము మందు రావడం కూడా కష్టమే. ఏ ఆకులో ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. పరగడుపున నమిలే ఏడెనిమిది ఆకులకు ఏ కొలతా లేదు. దాన్ని నమ్ముకొని గోలీలు మానితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

నాయిన ఇంటికొచ్చాక నేను చేసిన పని ఒకటే. మా వాడకు వచ్చే ఆశా అక్కతో మాట్లాడాను. షుగర్ గోలీలు నెలకోసారి ఆమె చేతుల మీదుగా అందేటట్టు చూసుకున్నాం. అప్పుడు ఇంటింటికీ తిరిగితే ఇంకో నలుగురు ఇదే ఆకు నములుతున్నారని తెలిసింది. ఆ నలుగురి వాకిళ్లలో ఉన్నవి నేను తెచ్చిన చెట్టు విత్తనాలే. ఒక్కొక్కరి దగ్గర కూర్చొని చెప్పాను. నేను చెప్తే ఇద్దరు విన్నారు. మిగతా ఇద్దరు నాయిన కాలు చూశాక విన్నారు.

ఆ యేడు వానలు పడ్డాక, చెట్లు పీకిన చోట మట్టి లోపలి నుంచి పదిహేను ఇరవై మొలకలొచ్చాయి. నాకు చూస్తేనే గుండె దడ. పీకేద్దామని వంగితే నాయిన ఆపాడు. "చెట్టు ఏం జేసిందిరా? ఉండనియ్యి" అన్నాడు. తానే చుట్టూ రాళ్లు పేర్చి, మన్ను ఎత్తు చేసి, నీళ్లు నిలవకుండా కాలువ తీశాడు. మేస్త్రీ కింద పనిచేసిన చేయి కదా, నేను హాస్టల్‌లో కట్టిన మడి కంటే బాగా కుదిరింది. ఎవరైనా విత్తనాలు అడిగితే ఇస్తాడు. ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట చెప్తాడు. "పువ్వులు తెంపుకపోండ్రి, ఆకు నోట్లె పెట్టకుండ్రి. మా పిలగాడు సదివిండు."

మన ఇళ్లల్లో మొదట చదువుకున్నవాళ్లం మనమే. మనం తెచ్చింది ఏదైనా మంచిదేనని ఇంట్లోవాళ్లు నమ్ముతారు. మొక్క తెచ్చినప్పుడు దాని గుణం కూడా చెప్పాలని నాకు పదహారేళ్లప్పుడు తెలియదు. మీకు ఇప్పుడే తెలియాలని ఇదంతా రాశాను.

ఇక మడి సంగతి మీకు అప్పగిస్తున్నాను. ఎండ పడే చోటు నుంచి మార్చకండి. పైమట్టి ఎండితేనే నీళ్లు పోయండి. వానాకాలంలో ఇటుకల సందులు పూడకుండా చూడండి. ముసలి కొమ్మల్ని వానలు మొదలయ్యేటప్పుడు సగానికి కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది. తుంచితే పాలు కారుతాయి, చేతులు కడుక్కోండి. చిన్న తరగతుల పిల్లలు ఆకు నోట్లో పెట్టుకోకుండా పెద్దవాళ్లు చెప్పాలి. ఏప్రిల్‌లో సెలవులకు పోయేటప్పుడు దిగులు పడకండి, జూన్‌లో మీకంటే ముందు అదే ఉంటుంది.

ఈసారి వార్షికోత్సవానికి మా నాయినను వెంట తీసుకొస్తున్నాను. నేను ఇక్కడ ఐదేళ్లున్నా, చేర్పించిన రోజు తప్ప ఆయన గేటు లోపలికి రాలేదు. వస్తే ఒక రోజు కూలి పోతుందని. ఆయనకు బోరు గట్టు చూపించాలి.